కిక్ బాగా కొడుతుంది, మరి నటిగా నిలబడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి టైక్వాండో నేర్చుకుంది, బ్లాక్ బెల్ట్ వచ్చింది. చిన్న బడ్జెట్ యాక్షన్ సినిమాలు, టీవీ సిరీస్‌లలో నటిస్తానని పట్టుబట్టింది. పెద్ద సినిమాల ఊసే ఎత్తడం లేదు, ‘చిన్నవాటిలో అయితే పని దొరుకుతుంది నాన్నా’ అంటోంది. ఇది నమ్ముకోదగ్గ పనేనా? ఏమేం నేర్పించాలి? దెబ్బలు తగులుతాయేమోనని వాళ్లమ్మ భయం.

జవాబు: మీ అమ్మాయి చెప్పింది చాలావరకు నిజమే. ఇలాంటి సినిమాలు, సిరీస్‌లు ఎప్పుడూ తయారవుతూనే ఉంటాయి. ఫైట్ చేయగలిగి, డైలాగ్ కూడా చెప్పగలిగే అమ్మాయిలు మాత్రం ఎప్పుడూ తక్కువే. అయితే పని దొరకడం వేరు, దాని మీదే ఇల్లు గడవడం వేరు. ఆ సంగతి తర్వాత చూద్దాం.

ముందు ఒక విషయం తెలుసుకోండి. చిన్న బడ్జెట్ అనగానే మనకు తక్కువ డబ్బు గుర్తొస్తుంది. సెట్‌లో ఉన్నవాళ్లకు తగిలేది తక్కువ టైము. పెద్ద సినిమా రోజుకు స్క్రిప్టులో రెండు మూడు పేజీలు తీస్తే, ఇక్కడ ఆరు నుంచి ఎనిమిది పేజీలు లాగేస్తారు. సినిమా మొత్తం 15 నుంచి 20 రోజుల్లో అయిపోవాలి. అక్కడ ఒక్క ఫైటు కోసం వారాల తరబడి రిహార్సల్ చేస్తారు. ఇక్కడ పొద్దున్న నేర్పి మధ్యాహ్నం తీసేస్తారు. ఎవరిని మళ్లీ పిలుస్తారు, ఎవరికి దెబ్బలు తగులుతాయి, కాంట్రాక్టులో ఏం తిరకాసు ఉంటుంది అన్న మూడింటికీ మూలం ఈ టైము కొరతే.

బ్లాక్ బెల్ట్ ఎంతవరకు పనికొస్తుందంటారా? ఒళ్లు వంగుతుంది, బ్యాలెన్స్ ఉంది, చెప్పింది త్వరగా పడుతుంది. అంతవరకు బ్రహ్మాండం. కానీ పోటీల్లో అలవాటైనవి కొన్ని కెమెరా ముందు అడ్డొస్తాయి. పోటీలో కిక్ ఎంత వేగంగా, ఎంత చాటుగా వెళ్తే అంత మంచిది. సినిమా కెమెరా సెకనుకు 24 ఫ్రేములే తీస్తుంది. సెకనులో ఆరో వంతులో కాలు వెళ్లి వెనక్కొచ్చేస్తే తెర మీద నాలుగు ఫ్రేములు మిగులుతాయి, చూసేవాడికి ఏం జరిగిందో అర్థం కాదు. అందుకే కాలు లేచే ముందు నడుము తిరగడం కనపడాలి, దెబ్బ తగిలిన చోట కాలు ఒక్క లిప్త ఆగాలి. అసలు చిక్కు ఇంకొకటి ఉంది. ఇన్నేళ్లూ తగిలేలా కొట్టడం నేర్చుకుంది, ఇప్పుడు తగలకుండా కొట్టడం నేర్చుకోవాలి.

కెమెరా ఒకరి భుజం వెనక ఉందనుకోండి. పిడికిలి ఎదుటివాడి ముఖానికి జానెడు దూరంలో అడ్డంగా దూసుకుపోతుంది. లెన్సు, పిడికిలి, ముఖం ఒకే గీతలో ఉన్నంతసేపు ఆ జానెడు ఖాళీ కనిపించదు. కెమెరా రెండడుగులు పక్కకు జరిగితే గాలిలో కొట్టినట్టు బయటపడిపోతుంది. కాబట్టి ప్రతి షాట్‌కూ ముందు ‘కెమెరా ఎక్కడ, లెన్సు ఏది’ అని అడగడం నటి పనే. ఇక దెబ్బను నమ్మించేది కొట్టేవాళ్లు కాదు, తినేవాళ్లు. తల ఒక క్షణం ముందు తిరిగినా, దెబ్బ రాకముందే కళ్లు మూసుకున్నా టేకు పోయినట్టే. చప్పుడు తర్వాత కలుపుతారు, ముఖంలో రియాక్షన్‌ను ఎవరూ కలపలేరు. అందుకే మీ అమ్మాయిని కొట్టడం కంటే ఎక్కువగా పడటం, తూలడం, గోడకు తగిలి జారడం సాధన చేయమనండి.

ఫైటు మొత్తం ఒకేసారి తీయరు. ముప్పై కదలికల ఫైటును నాలుగైదు కదలికల చొప్పున ముక్కలు చేసి, ముందు దూరం నుంచి, తర్వాత దగ్గర నుంచి తీస్తారు. ఫైట్ మాస్టర్ చూపించిన వరసను గంటలో గుర్తుపెట్టుకోవాలి. సగం వేగంతో ఒకసారి, ముప్పావు వేగంతో ఇంకోసారి చేశాకే పూర్తి వేగం. టైము లేదని మధ్య మెట్టు ఎగ్గొట్టే చోటే మోచేతులు ముక్కులకు తగులుతాయి. పైగా కంటిన్యుటీ ఒకటుంది. మూడో ముక్కలో కుడిచేత్తో పట్టుకున్న కర్రను నాలుగో ముక్క మూడు గంటల తర్వాత తీసినా కుడిచేత్తోనే పట్టుకోవాలి, అంతే ఆయాసపడుతూ ఉండాలి. ఆ ఫైటు అయిన వెంటనే క్లోజప్, అందులో రెండు లైన్ల డైలాగ్. ఈ రెండు లైన్ల దగ్గరే మార్షల్ ఆర్ట్స్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువమంది తేలిపోతారు. వాళ్లను తర్వాతి సినిమాలో విలన్ వెనక నిలబెట్టేస్తారు, డైలాగ్ ఇవ్వరు.

అందుకే నేర్పించాల్సినవాటిలో మొదటిది నటన. కనీసం ఏడాది, వారానికి రెండు మూడు క్లాసులు, వాటితోపాటు రోజూ గొంతుకు అరగంట. ఫైట్ సీన్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని మర్నాడు డైలాగ్ చెప్పలేకపోయే నటులు కొత్తేం కాదు. ఆ తర్వాత పల్టీలు, సురక్షితంగా పడే పద్ధతులు. టైక్వాండో వాళ్లకు కాళ్లున్నంత బాగా చేతులుండవు కాబట్టి ఆర్నెల్లు బాక్సింగ్. కర్ర, కత్తి ప్రాథమికంగా తెలిస్తే చాలు. డ్యాన్స్ కూడా నేర్పించమంటాను, ఎందుకంటే ఫైటు నేర్పేది కూడా డ్యాన్స్‌లాగే ‘వన్, టూ, త్రీ’ లెక్క మీదే. డిగ్రీ మాత్రం మానిపించకండి.

ఈ దారిలో వెళ్లినవాళ్లను చూస్తే పరిస్థితి ఇంకా బాగా అర్థమవుతుంది. అమెరికాకు చెందిన సింథియా రాత్‌రాక్ 1980ల తొలి సగంలో ఫామ్స్ (ఎదురుగా ఎవరూ లేకుండా ఒక వరసలో కదలికలు చేసి చూపించడం), ఆయుధాల ప్రదర్శన పోటీల్లో చాంపియన్. గమనించండి, ఆమె గెలిచింది ఎదుటివాళ్లను కొట్టే పోటీల్లో కాదు, కదలికను అందంగా చూపించే పోటీల్లో. 1985లో హాంకాంగ్ వెళ్లి నటి మిషెల్ యోతో కలిసి మొదటి సినిమా చేశారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి అమెరికాలో నేరుగా వీడియోలో విడుదలయ్యే యాక్షన్ సినిమాలకు పెద్ద పేరయ్యారు. కిక్‌బాక్సింగ్ చాంపియన్ డాన్ విల్సన్‌ను 1989లో హీరోను చేసింది చిన్న బడ్జెట్ సినిమాలకు పెట్టింది పేరైన నిర్మాత రోజర్ కార్మన్. బ్రిటన్ నటుడు స్కాట్ ఆడ్కిన్స్ టీవీ సిరీస్‌లలో చిన్న పాత్రలతో మొదలుపెట్టారు. 2006లో నేరుగా డీవీడీకి వచ్చిన ఒక సీక్వెల్లో బోయ్కా అనే ఖైదీ పాత్రతో గుర్తింపు వచ్చింది. ‘జాన్ విక్’ నాలుగో భాగంలో మంచి పాత్ర పడేసరికి 2023. ఆ మధ్య పదిహేడేళ్లూ ఆయన ఖాళీగా లేరు, చిన్న సినిమాలు చేస్తూనే ఉన్నారు. అదే ఈ కెరీర్ అసలు రూపం. పెద్ద సినిమాకు మెట్టు అనుకుని వచ్చేవాళ్లకు నాలుగో ఏడు తిరిగేసరికి విసుగొస్తుంది.

ఇంకో దారి డూప్‌గా మొదలుపెట్టడం. న్యూజిలాండ్ అమ్మాయి జోయీ బెల్ ‘జీనా’ సిరీస్‌లో లూసీ లాలెస్‌కు, తర్వాత ‘కిల్ బిల్’లో ఉమా థర్మన్‌కు డూప్‌గా చేసి, 2007 నాటికి తన ముఖంతోనే తెర మీదికొచ్చారు. ఈ దారిలో పని కాస్త నిలకడగా ఉంటుంది. ఆస్కార్‌లో కూడా స్టంట్ డిజైన్‌కు కొత్తగా అవార్డు పెట్టారు, 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి వర్తిస్తుంది. కానీ ఒకసారి డూప్ అన్న ముద్ర పడితే కాస్టింగ్ వాళ్లు డైలాగ్ పాత్రకు పిలవడం కష్టం. ముఖం కనిపించాలన్నదే మీ అమ్మాయి కోరికైతే మొదటి నుంచీ రెండు రీళ్లు (తన పని చూపించే చిన్న వీడియోలు) వేరువేరుగా పెట్టుకోమనండి. నటన రీల్ రెండు నిమిషాలు మించకూడదు, యాక్షన్ రీల్ నిమిషంన్నర చాలు. యాక్షన్ రీల్లో పాట పెట్టి, రెండు ఫ్రేములకో కట్ వేసి పంపితే ‘ఏదో దాస్తోంది’ అనుకుంటారు. కట్ లేకుండా ఆరేడు కదలికలు, తల నుంచి పాదం దాకా కనిపించే షాట్ ఒక్కటైనా ఉండాలి. ఆడిషన్‌కు తనే తీసి పంపే వీడియో, అంటే సెల్ఫ్ టేపులో దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఛాతీ నుంచి పైకి ఫ్రేము, వెనక సాదా గోడ, ఎదుటి పాత్ర డైలాగులు చదివే మనిషి కెమెరా పక్కనే, గొంతు తగ్గించి.

కెమెరా పక్క చూపు అంటే గుర్తొచ్చింది, చిన్న సినిమాల్లో ఒక విచిత్రమైన పని పడుతుంది. కొనేవాళ్లు పోస్టర్ మీద పేరు చూసి కొంటారు. అందుకని నిర్మాత ఒక పేరున్న నటుణ్ని ఒకట్రెండు రోజులకు మాత్రం తెచ్చుకుని, ఆయన సీన్లన్నీ ఒకేచోట తీసేస్తాడు. మిగతా పదిహేను రోజులు సినిమాను మోసేది మీ అమ్మాయిలాంటి నటులే. ఆ పెద్దాయనతో ఉన్న సీన్లో కూడా ఆమె క్లోజప్ తీసే వేళకు ఆయన వెళ్లిపోయి ఉంటాడు. ఎదురుగా డూప్ భుజమో, స్టాండుకు అతికించిన టేపు ముక్కో ఉంటుంది. దాన్ని చూస్తూ కోపం, ఏడుపు తెప్పించుకోవాలి. ఇంట్లోనే సాధన చేయొచ్చు, గోడ మీద కంటి ఎత్తులో చుక్క పెట్టుకుంటే సరి.

ఇక దెబ్బల సంగతి. వాళ్లమ్మ భయం అనవసరం అనను. ఎక్కువగా పోయేవి చీలమండలు, మోకాళ్లు, భుజాలు, నడుము. కారణం ఒక్కోసారి సాహసం కాదు, ఎదురుచూపు. లైటింగ్ కోసం రెండు గంటలు కుర్చీలో కూర్చోబెట్టి, ‘రెడీ’ అనగానే తల ఎత్తున కిక్ కొట్టమంటే చల్లబడ్డ తొడ కండరం పట్టేస్తుంది. ఎంతమంది తొందరపెట్టినా పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోనిదే షాట్‌కు వెళ్లకూడదు. అమ్మాయిలకు ఇంకో కష్టం, కాస్ట్యూమ్. మగవాళ్ల ప్యాంటు కింద మోకాలి ప్యాడ్లు, తుంటి ప్యాడ్లు దాగిపోతాయి. పల్చటి, బిగుతు బట్టల్లో దాగవు. అందుకే కాస్ట్యూమ్ ట్రయల్ రోజే ప్యాడ్లు తీసుకెళ్లి, వేసుకుని చూపించాలి. హీల్స్ ఉంటే పాదాలు కనిపించని షాట్లకు మడమ లేని బూట్లు అడగాలి. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా ఆ రోజు షూటింగ్ ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. మొదటిది మానకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదికొస్తుంది.

తుపాకి ఉన్న సీన్ అయితే ఇంకా జాగ్రత్త. బ్లాంక్ తూటాలో గుండు ఉండదు గానీ మందు ఉంటుంది, దగ్గర్నుంచి పేలితే ఆ ఒత్తిడే చంపేస్తుంది. 1984లో అమెరికా టీవీ నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ షూటింగ్ విరామంలో సరదాగా బ్లాంక్ ఉన్న రివాల్వర్‌ను కణతకు పెట్టుకుని నొక్కి అలాగే చనిపోయాడు. 1993లో షూటింగ్‌లో నటుడు బ్రాండన్ లీ మరణానికి కారణం, అంతకుముందు వాడిన డమ్మీ తూటా (చూపించడానికే వాడే ఉత్తుత్తి తూటా) మొన తుపాకి గొట్టంలో ఇరుక్కుపోయి ఉండటం. ఆ తర్వాత పేల్చిన బ్లాంక్ దాన్ని నిజం తూటాలా తోసేసింది. 2021లో ‘రస్ట్’ సినిమా సెట్‌లో కెమెరామన్ హలీనా హచిన్స్ ప్రాణం తీసింది సెట్‌లోకి అసలు రాకూడని నిజం తూటా. ఆయుధాల బాధ్యుడు తన కళ్లముందు తెరిచి, గొట్టం ఖాళీగా ఉందని చూపించనిదే మీ అమ్మాయి తుపాకి ముట్టుకోకూడదు. ఎవరి వైపూ సూటిగా గురిపెట్టకూడదు, పక్కకు పెట్టినా కెమెరాలో సూటిగా కనిపించేలా అమర్చడం వాళ్ల పని.

డబ్బు విషయానికొస్తే, మొదటి మూడు నాలుగేళ్లు దీని మీదే ఆధారపడే ఆలోచన పెట్టుకోకండి. ఏ సినిమా ఎప్పుడు మొదలవుతుందో, ఏది మధ్యలో ఆగుతుందో ఎవరికీ తెలియదు. సాయంత్రాలు ఫైట్ నేర్పడమో, జిమ్‌లో ట్రైనింగో, ఇంట్లోంచి చేసుకునే పనో, వేళలు మార్చుకోగలిగేది ఒకటి ఉండి తీరాలి. కాంట్రాక్టు చేతికొచ్చినప్పుడు మీరు పక్కన కూర్చుని చదవండి. మొత్తానికి ఇంత అని గుత్తగా రాశారా, రోజుకు ఇంత అని రాశారా? గుత్తగా ఉంటే ఎన్ని రోజులకు, రోజుకు ఎన్ని గంటలకు? గంటలు మించితే ఎంత? ‘సినిమా అమ్ముడయ్యాక ఇస్తాం’ అన్న మాట ఉంటే ఆ డబ్బు రానట్టే లెక్కేసుకోండి, రీల్ కోసం చేయదలిస్తే చేయండి. దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది, బీమా ఏ తేదీ నుంచి అన్నది నోటిమాటగా కాదు, కాగితం మీద ఉండాలి. రిహార్సల్ రోజులు కూడా బీమాలోకి వస్తాయో లేదో చూడండి, చాలామందికి దెబ్బలు తగిలేది అక్కడే. తన సీన్లను రీల్‌కు వాడుకునే హక్కు రాయించుకోండి. ముఖాన్ని, ఒంటిని కంప్యూటర్లోకి స్కాన్ చేసుకుంటామంటే ఈ ఒక్క సినిమాకేనా, ఎప్పటికీనా అని అడగండి. 2023లో అమెరికా నటుల సంఘం 118 రోజులు సమ్మె చేసింది, అందులో ఈ స్కానింగ్ అనుమతి ఒక ముఖ్యమైన పేచీ. ఇక, వేషం ఇస్తాం ముందు డబ్బు కట్టండి అనేవాళ్లు, ఆడిషన్‌కు హోటల్ గదికి ఒంటరిగా రమ్మనేవాళ్లు, వీళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పటికిప్పుడు అవునో కాదో తేల్చక్కర్లేదు. చదువు సాగిస్తూనే ఆర్నెల్లు నటన క్లాసులు, పడటం సాధన చేయించండి. తర్వాత ఫైటు లేని సీన్ ఒకటి, రెండు నిమిషాలది, సెల్ఫ్ టేపు తీయించి, ఆమె బ్లాక్ బెల్ట్ సంగతి తెలియని నటన గురువుకు చూపించి ఏమంటారో వినండి. ఆయన రెండో టేపు అడిగితే క్లాసులు ఇంకో ఏడాది పొడిగించండి. అడగకపోతే డూప్ దారి గురించి ఆమెతో ఒకసారి కూర్చుని మాట్లాడండి, దానికి ఆమె దగ్గర పెట్టుబడి ఇప్పటికే ఉంది.