హార్బిన్ చలి ముదరకముందే

చిట్టీ,

నువ్వు మెడిసిన్ చదువుతున్న చైనాలోని హార్బిన్‌లో, ఇళ్లలో గదులు వెచ్చబెట్టే హీటింగ్ అక్టోబరు 20న మొదలుపెడితే ఏప్రిల్ 20 దాకా ఆపరు. సగం ఏడాది చలికాలమే అన్నమాట. జనవరి రాత్రుల్లో మైనస్ 20 దాటడం అక్కడ మామూలే. మీ అమ్మ స్వెట్టర్లు సర్ది పంపింది గానీ, అవొక్కటే చాలవు. బీజింగ్‌లో కాపురం ఉన్నన్నాళ్లూ మా ఇరుగుపొరుగు పెద్దవాళ్లు చలికాలం ఎలా గడుపుతారో చూశాను. పనికొస్తాయని నాకు నమ్మకం కుదిరినవే రాస్తున్నాను.

చైనా వైద్యంలో చలికాలం అంటే బలం దాచుకునే కాలం. సుమారు రెండువేల ఏళ్ల నాటి వాళ్ల మూలగ్రంథం ‘హువాంగ్‌తీ నెయ్‌చింగ్’లోనే ఈ మాట ఉంది. ఈ మూడు నెలలూ పెందలాడే పడుకోవాలి, ఎండ వచ్చాక లేవాలి, ఒళ్లు వెచ్చగా ఉంచుకోవాలి, చెమట వృథాగా పోనివ్వకూడదు. పొద్దున్నే క్లాసు పెట్టుకుని ఎండొచ్చేదాకా పడుకోవడం నీకు కుదరదు. కనీసం పదింటికల్లా లైటు ఆర్పెయ్. నువ్వు మనకంటే రెండున్నర గంటలు ముందుంటావు. ఇక్కడ భోజనాలయ్యాక మీ అమ్మ ఫోన్ చేస్తే నీకు అర్ధరాత్రే. కాబట్టి సాయంత్రమే మాట్లాడుకోండి. జిమ్‌కి వెళ్తే చెమట పూర్తిగా ఆరాక, బట్టలు మార్చుకున్నాకే బయట అడుగుపెట్టు.

చైనా వైద్యులు చలికాలాన్ని కిడ్నీల కాలం అంటారు. నువ్వు అనాటమీలో చదివే కిడ్నీ, వాళ్లు చెప్పే కిడ్నీ ఒకటి కాదు. పుట్టుకతో వచ్చిన సత్తువ, ఎముకలు, వినికిడి అన్నీ వాళ్ల లెక్కలో దాని కిందికే వస్తాయి. ఆ సిద్ధాంతం నమ్మమని నేను చెప్పను. దాని పేరుతో పాటించే అలవాట్లు మాత్రం వదులుకోకు.

అన్నిటికంటే నాకు నచ్చింది రాత్రిపూట కాళ్లు నానబెట్టుకోవడం. చీలమండలు బాగా మునిగేంత లోతున్న బకెట్టు కొనుక్కో. నీళ్లు 40 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. ముందు మోచేత్తో చూసుకో, చలికి మొద్దుబారిన పాదాలకు వేడి సరిగా తెలియదు. నాలుగు అల్లం ముక్కలు వెయ్యి. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. నుదుటి మీద సన్నగా తడి కనిపించగానే కాళ్లు తీసెయ్, చెమట కారేదాకా కూర్చోకు. వేళ్ల సందుల్లో తుడుచుకుని, ఉన్ని మేజోళ్లు వేసుకుని నేరుగా దుప్పట్లో దూరు. తిన్న వెంటనే మాత్రం వద్దు. మీ నాన్నకి షుగర్ ఉంది కదా, ఇది విని ఆయన మొదలుపెడతారేమో. ఆయనకి స్పర్శ తక్కువ, కాలినా తెలియదు, వద్దని చెప్పు.

బయటికెళ్లేటప్పుడు మెడ వెనక భాగం కప్పుకో. గాలి అక్కడినుంచే ఒంట్లోకి దూరుతుందంటారు వాళ్లు.

జలుబు చేస్తే ఏ రకమో ముందు చూస్తారు. చలి వేస్తూ ముక్కు నీళ్లలా కారుతుంటే అది చలి జలుబు. దానికి అల్లం, ఎర్ర చక్కెర వేసి మరిగించిన నీళ్లు తాగి కప్పుకుని పడుకోవడమే. గొంతు మండి, కఫం పచ్చగా వస్తే అది వేడి జలుబు, దాని మందులు వేరు. హాస్టల్లో ఎవరికి తుమ్ము వచ్చినా బాన్‌లాన్‌గెన్ అనే మూలిక వేరు పొడి నీళ్లలో కలిపిచ్చేస్తారు. అది చలువ చేసేది, చలి జలుబుకి తగదంటారు.

దీనికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది, చిట్టీ. అక్కడ మూలికల మందులంటూ అమ్మే జలుబు మాత్రల్లో కొన్నిట్లో పారాసెటమాల్ కలిపి ఉంటుంది. విటమిన్ సి కలిపిన యిన్‌చ్యావ్ మాత్రలు అలాంటివే. మన డోలో 650 కూడా పారాసెటమాలే, పైన అది కూడా వేసుకుంటూ పోతే లివర్‌కి ప్రమాదం. రెండూ కలిపి ఎప్పుడూ వేసుకోకు.

తిండి దగ్గరికొస్తే, గదుల్లో హీటింగ్‌కి గాలి పొడిబారి పెదాలు పగులుతాయి, ముక్కులోంచి రక్తం కూడా రావచ్చు. పియర్ పండుని పటికబెల్లంతో ఉడికించి తిను. మటన్ వేడి అని చలికాలంలో బాగా తింటారు గానీ, పక్కన తెల్ల ముల్లంగి వేసి వండుతారు. చలికాలం ముల్లంగి, ఎండాకాలం అల్లం తింటే వైద్యుడితో పని లేదని వాళ్ల సామెత. డిసెంబరు 21, 22 ప్రాంతంలో ఏడాదిలో పగలు అతి తక్కువ ఉండే రోజున వచ్చే తుంగ్‌జీ పండుగకి, పిండిలో కూరిక చుట్టి ఉడికించే చ్యావ్‌జి తినకపోతే చెవులు గడ్డకట్టి ఊడిపోతాయని పిల్లల్ని ఆటపట్టిస్తారు. చాంగ్ చుంగ్‌చింగ్ అనే హాన్ రాజుల కాలపు వైద్యుడు చలికి చెవులు పాడైన పేదల కోసం మటన్, మూలికలు పిండిలో చుట్టి ఉడికించి పెట్టాడని కథ. ఆ పండుగకి ఎవరైనా నిన్ను పిలిస్తే తప్పకుండా వెళ్లు.

మూలికల కషాయాలు మాత్రం సొంతంగా కాచుకోకు. ప్రకృతిసిద్ధం కదా అనుకోవద్దు. క్వాన్‌ముథుంగ్ అనే మూలిక కిడ్నీలు పాడుచేస్తుందని తేలాక 2003లో చైనాయే నిషేధించింది. ఫూజి అనే వేరు సరిగా శుద్ధి చేయకపోతే, చాలాసేపు మరిగించకపోతే గుండెకి విషం. కావాలనుకుంటే హార్బిన్‌లోనే సంప్రదాయ వైద్య విశ్వవిద్యాలయం ఆసుపత్రులున్నాయి, నాడి చూపించుకుని తీసుకో. జ్వరం మూడు రోజులు దాటినా, ఊపిరి ఆడకపోయినా ఇవన్నీ పక్కనపెట్టి మామూలు ఆసుపత్రికి పరిగెత్తు.

ఏ మందు కొన్నా వేసుకునే ముందు డబ్బా వెనక భాగం ఫొటో తీసి నాకు పంపు. రాత్రయినా సరే, చదివి చెబుతాను.

నీ
పెద్దమ్మ