కిలోమీటరుకు రెండు రూపాయలు

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ మీ అత్తయ్య సీరియల్, అక్కడ పిల్లల గోల. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఫిబ్రవరితో నీ ఎలక్ట్రిక్ కారుకు మూడేళ్ళు నిండి వారంటీ అయిపోతోంది. ఆఫీసులో ఎవరో "బ్యాటరీ పోయిందంటే ఏడెనిమిది లక్షలు, ఇప్పుడే అమ్ముకో" అన్నాడట. అప్పటినుంచి నీకు టెన్షన్, అమ్మేయాలా ఉంచుకోవాలా అని. నేను 2020లో కొన్నాను కదా, ఆ మూడేళ్ళ గీత దాటి నాకు రెండేళ్ళ పైనే అయింది. ఈలోగా ఏది పోయిందో, ఏది పోలేదో, ఎక్కడ డబ్బు అనవసరంగా తగలేయబోయానో చెబుతాను. ముప్ఫై ఏళ్ళు ఆర్టీసీ గ్యారేజీలో డీజిల్ మసిలో బతికినవాణ్ణి. కరెంటు బండి నాకూ కొత్త చదువే.

ముందు ఆ ఏడెనిమిది లక్షల సంగతి. డ్యాష్‌బోర్డు సొరుగులో వారంటీ పుస్తకం ఉంటుంది. ఇంతవరకూ తెరిచి ఉండవు, తెరువు. మన దగ్గర అమ్మే ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి వారంటీ రెండు ముక్కలుగా ఉంటుంది. టాటా వాళ్ళ నెక్సాన్ ఈవీ 2020 జనవరిలో వచ్చినప్పుడు బండికి 3 ఏళ్ళు లేదా 1,25,000 కిలోమీటర్లు, బ్యాటరీకీ మోటారుకూ 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇచ్చారు. ఏది ముందొస్తే అది. మిగతా కంపెనీలదీ ఇంచుమించు అదే దారి. నీ పుస్తకంలోనూ అలాగే ఉంటే ఫిబ్రవరిలో పోయేది మొదటి ముక్క మాత్రమే. పెద్ద బ్యాటరీ మీద ఇంకో అయిదేళ్ళు కంపెనీ పూచీ ఉంది. నీ ఆఫీసు మిత్రుడు భయపెట్టింది ఎనిమిదేళ్ళు నిండే 2031 గురించి.

మరి భయపడాల్సింది ఏమీ లేదా అంటే ఉంది. అది బ్యాటరీ దగ్గర కాదు, దాని చుట్టూ ఉన్న సామాను దగ్గర. గోడ ప్లగ్గు నుంచి వచ్చే ఏసీ కరెంటును డీసీ చేసి బ్యాటరీకి పంపే ఆన్‌బోర్డ్ చార్జర్, పెద్ద బ్యాటరీ ఓల్టేజీని దించి పన్నెండు ఓల్టుల చిన్న బ్యాటరీని నింపే కన్వర్టర్, హై ఓల్టేజీ మీద తిరిగే ఏసీ కంప్రెసర్, చార్జింగ్ పోర్టు, స్క్రీను. చాలా పుస్తకాల్లో ఇవన్నీ మొదటి ముక్కలోనే ఉంటాయి. విడిగా కొంటే కొన్నిటి ధర అర లక్ష, కొన్నిటిది లక్ష దాటుతుంది. 2024లో హ్యుందాయ్ అయానిక్ 5, కియా ఈవీ6 కార్లను మన దేశంలో వెనక్కి పిలిచారు. ఐసీసీయూ అనే ఇలాంటి పెట్టెలో లోపం వల్ల చిన్న బ్యాటరీ చార్జ్ కాకుండా పోవచ్చని. పెద్ద బ్యాటరీ కోసం పిలవలేదు, గమనించు.

అందుకే షోరూమ్ వాళ్ళు ఫోన్ చేసి ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటే విసుక్కుని పెట్టేయకు. సాధారణంగా అది అసలు వారంటీ గడువులోపే తీసుకోవాలి, తర్వాత బతిమాలినా ఇవ్వరు. కానీ "అన్నీ కవర్ అవుతాయి సార్" అన్న మాట నమ్మి డబ్బు కట్టొద్దు. ఆన్‌బోర్డ్ చార్జర్, కన్వర్టర్, కంప్రెసర్ ఈ మూడు పేర్లూ కాగితంలో ఉంటే తీసుకో. లేకపోతే ఆ డబ్బు బ్యాంకులో వేసుకో.

ఇప్పుడు నా కథ. పోయిన వేసవిలో ఒక పొద్దున కారెక్కి మీట నొక్కితే స్క్రీను మీద ఎర్ర బొమ్మలు నాలుగు వెలిగాయి, బండి కదల్లేదు. ముందురోజు రాత్రే పెద్ద బ్యాటరీ నిండుగా ఎక్కించాను. టోయింగ్ బండి పిలిచి సర్వీస్ సెంటరుకు పంపాను. సాయంత్రానికి ఎస్టిమేట్ వచ్చింది. చార్జర్ పెట్టె మార్చాలి, పన్నులతో కలిపి లక్షా నలభై వేలు. "వారంటీ లేదు కదా సార్" అని కాస్త సానుభూతి కూడా.

మా డిపోలో ఒక ఫోర్‌మన్ ఉండేవాడు. ఎవరైనా సరిగా చూడకుండా కొత్త సామాను అడిగితే, "పాతది తీసి కొత్తది పెట్టడం స్టోర్ కీపరు కూడా చేస్తాడు, నువ్వెందుకు?" అనేవాడు. ఆ మాట గుర్తొచ్చింది. స్కానర్‌లో వచ్చిన ఫాల్ట్ కోడ్‌లు కాగితం మీద ఇమ్మన్నాను. ఇవ్వడానికి కొంచెం నసిగారు, ఇచ్చారు. సగం "తక్కువ ఓల్టేజీ" కోడ్‌లే. చిన్న బ్యాటరీకి మీటరు పెట్టి చూపించమన్నాను. పదకొండు ఓల్టులు కూడా లేదు. కారుతో వచ్చిన బ్యాటరీయే, అయిదేళ్ళది. అది మార్చి, కోడ్‌లు చెరిపేసి చూస్తే బండి మామూలుగా లేచింది. ఆరు వేల చిల్లరతో ఇంటికొచ్చాను.

వాళ్ళు మోసం చేశారని నేననను. కోడ్ చూసి పెట్టె మార్చడమే వాళ్ళకు నేర్పిన పని. అసలు విషయం ఏమిటంటే, ఎంత పెద్ద ఎలక్ట్రిక్ కారైనా లేచేది ఆ చిన్న బ్యాటరీతోనే. లోపలి కంప్యూటర్లను లేపేదీ, పెద్ద బ్యాటరీని మిగతా బండికి కలిపే కాంటాక్టర్లు అనే స్విచ్‌లను మూసేదీ అదే. దాని ఓల్టేజీ పడిపోతే ఒక్కో కంప్యూటరూ పక్కదాని మీద నేరం చెబుతుంది. ఉమ్మడి కుటుంబంలో వంటకు ఆలస్యమైనట్టే. పోయేదాకా ఆగకుండా నాలుగో ఏట దాన్ని మార్చేయ్. నెలల తరబడి ఊరెళ్ళేటప్పుడు కారును అలా వదిలేయకు, ఎవరిచేతనైనా వారానికోసారి తిప్పించు.

ఇకనుంచి ఎంత చిన్న రిపేరైనా ఎస్టిమేట్‌లో సామాను వేరు, కూలి వేరు రాయించు. కోడ్‌ల కాగితం తీసుకో. పదివేలు దాటితే రెండో సర్వీస్ సెంటర్లో కూడా చూపించు. మార్చిన పాత సామాను చూపించమని అడుగు, నీ డబ్బుతో మార్చింది కాబట్టి మొహమాటపడొద్దు.

చార్జర్ నిజంగా పోవడమూ ఉంది. నాతో పొద్దున నడకకు వచ్చే ఒకాయనకు గాలివానలో కరెంటు పోతూ వస్తూ ఉండగా చార్జింగ్‌లోనే పెట్టె కాలింది. కొత్తది పెట్టకుండా, బోర్డులు బాగుచేసే బయటి కుర్రాడి దగ్గర లోపల కాలిన ముక్కలు మార్పించుకుని, కొత్తదాని ధరలో అయిదో వంతుకు తేల్చుకున్నాడు. ఆయన బండికి అన్ని వారంటీలూ అయిపోయాయి కాబట్టి అది చెల్లింది. నీకు చెల్లదు. నారింజ రంగు తీగలు కనిపించాయంటే అది హై ఓల్టేజీ. వాటిని బయటివాడు ముట్టుకున్నాడని తెలిస్తే మిగిలిన అయిదేళ్ళ బ్యాటరీ వారంటీకి కంపెనీ అడ్డం తిరగడానికి నువ్వే సాకు ఇచ్చినట్టు. ప్రాణానికీ ప్రమాదమే, స్విచ్ ఆపేశాక కూడా లోపలి కెపాసిటర్లలో కొద్దిసేపు కరెంటు నిలిచి ఉంటుంది. టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు, చిన్న బ్యాటరీ, వీటికి బయటి మెకానిక్ చాలు. అన్నట్టు టైర్లు తొందరగా అరుగుతాయి, బండి బరువు అలాంటిది. బ్రేకు ప్యాడ్లు మాత్రం చాలాకాలం వస్తాయి.

మీ అపార్ట్‌మెంట్‌లో ఎర్తింగ్ చూపించావా? చార్జింగ్‌కు అది చాలా ముఖ్యం. వేసవిలో ఎర్తింగ్ గుంత ఎండిపోతుంది, నీళ్ళు పోయించు. చార్జింగ్ మొదలైన అరగంటకు ప్లగ్గు మీద చెయ్యి పెట్టు. కాలేంత వేడి ఉంటే సాకెట్ మార్పించు. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకేయ్.

ఇన్సూరెన్స్ దగ్గర మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతింటారు. ఆన్‌లైన్‌లో చౌకగా కనబడిందని జీరో డిప్రిసియేషన్ (సామాను పాతదని కోత పెట్టకుండా ఇచ్చే కవర్) తీసేయకు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, టైర్లతో పాటు బ్యాటరీలకు కూడా సగం కోత పెడతారు. కింద రాయి తగిలి బ్యాటరీ పెట్టె సొట్టపోతే అది వారంటీలోకి రాదు, ప్రమాదం కింద ఇన్సూరెన్సే ఇవ్వాలి. అక్కడ సగం కోత అంటే లక్షల్లో మాట. బ్యాటరీకీ, నీళ్ళు చేరినదానికీ వేరే యాడ్-ఆన్‌లు, అంటే అదనపు కవర్లు ఉంటాయి, అవీ అడుగు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది కదా. ఈ బ్యాటరీలకు ఐపీ67 అని రాస్తారు. దాని లెక్క మీటరు లోతు నీళ్ళలో అరగంట. రోజుల తరబడి కాదు. నీళ్ళలో నిలిచిన కారును స్టార్ట్ చేయకు, చార్జింగ్ పెట్టకు. టోయింగ్ చేయించి, ఇన్సూరెన్స్ వాళ్ళకు ముందు ఫోన్ చెయ్.

ఇక డబ్బు లెక్క. ఆర్టీసీలో మేం అన్నీ కిలోమీటరు లెక్కనే చూసేవాళ్ళం. కిలోమీటరుకు రాబడి ఎంత, ఖర్చు ఎంత. తిరుమల కొండకు 2022 నుంచి తిరుగుతున్న ఎలక్ట్రిక్ బస్సులకు కూడా సంస్థ కిలోమీటరుకు ఇంత అని కడుతుంది, బ్యాటరీ బాధ కాంట్రాక్టరుది. నీకు కాంట్రాక్టరు లేడు కాబట్టి ఆ లెక్క నువ్వే వేసుకోవాలి. నీ పాత పెట్రోలు కారు లీటరుకు పదిహేను ఇచ్చేది. హైదరాబాద్‌లో లీటరు 107 అనుకుంటే కిలోమీటరుకు ఏడు రూపాయలు. ఇప్పుడు వంద కిలోమీటర్లకు పదిహేను యూనిట్లు, యూనిట్ తొమ్మిది అనుకున్నా రూపాయిన్నర లోపే. అయిదున్నర మిగులుతోంది. నువ్వేమో అదంతా లాభం అనుకుని ఖర్చుపెట్టేస్తున్నావు. అందులో రెండు రూపాయలు నీవి కావు, ఆ కారువి. ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లకు 24,000. నెలకు రెండు వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేసి, దాన్ని మర్చిపో. అయిదేళ్ళకు లక్షా ఇరవై వేలు, వడ్డీ అదనం. ఒక చార్జరో కంప్రెసరో పోతే తట్టుకుంటావు. పెట్రోలు బండి అయితే చిన్న చిన్న ఖర్చులతో ఏడాది పొడుగునా తింటుంది. ఇది అలా తినదు, ఒక్కసారే నోరు తెరుస్తుంది. మన జీతాలవాళ్ళకు కష్టమయ్యేది మొత్తం కంటే ఆ ఒక్కసారే రావడం.

2031లో బ్యాటరీ సంగతి ఏమిటంటావా? 2024లో ప్రపంచ సగటున బ్యాటరీ ప్యాక్ ధర కిలోవాట్ అవర్‌కు, అంటే ఒక యూనిట్ కరెంటు పట్టేదానికి, 115 డాలర్లకు దిగింది. ముప్ఫై కిలోవాట్ అవర్ల ప్యాక్ అయితే మూడు లక్షల దగ్గర. కానీ అది ఫ్యాక్టరీ కొనే ధర, నీకు అమ్మే ధర కాదు. కారు కొన్నప్పుడు నువ్వు కట్టిన జీఎస్టీ 5 శాతం, లిథియం బ్యాటరీ విడిగా కొంటే 18. పైగా బజారులో ధర తగ్గినంత వేగంగా కంపెనీ స్పేర్‌పార్టుల జాబితాలో తగ్గదు, బస్సుల సామాన్ల దగ్గరనుంచి చూస్తున్నాను. అయితే మొత్తం ప్యాక్ ఒకేసారి చచ్చిపోవడం అరుదు. 320 ఓల్టుల ఎల్‌ఎఫ్‌పీ (లిథియం బ్యాటరీల్లో ఒక రకం) ప్యాక్ అంటే 3.2 ఓల్టుల సెల్స్ వంద వరుసగా కలిపినట్టు. ఒకటి రెండు బలహీనపడితే మిగతావన్నీ వాటి కోసం ఆగుతాయి, కారు ఇరవై శాతం నుంచి ఉన్నట్టుండి సున్నాకు పడిపోతుంది. అలా జరిగితే "పాతబడింది కదా" అని సర్దుకోకు. వెంటనే రాతలో ఫిర్యాదు ఇవ్వు. ప్రతి సర్వీసులో బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతమో ప్రింట్ తీసుకుని ఫైల్లో పెట్టు. ఎంతకు పడిపోతే మారుస్తారో నీ పుస్తకంలో ఉంటుంది. కొందరు 70 అంటారు, కొందరు 80. ఏడో ఏడు నడుస్తుండగానే గట్టిగా పరీక్ష చేయించు. ఎనిమిదేళ్ళు నిండిన మర్నాడు వెళితే నమస్కారం పెట్టి పంపిస్తారు. వాళ్ళు వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్, కొన్నప్పుడు కట్టిన ధర అయిదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

అమ్మే విషయంలో నా మాట ఒకటే. ఇప్పుడు భయంతో అమ్మితే బాగుపడేది కొనేవాడు, అయిదేళ్ళ బ్యాటరీ వారంటీ అతనికి ఉట్టినే వెళుతుంది. అది కూడా రెండో ఓనరుకు మారుతుందో లేదో పుస్తకంలో చూడు. ఈమధ్య కొన్ని కంపెనీలు ఇస్తున్న లైఫ్‌టైమ్ బ్యాటరీ వారంటీలైతే మొదటి ఓనరుకే. నిజంగా మార్చాలని ఉంటే ఆరో ఏట ఆలోచించు.

సంక్రాంతికి కారులోనే రండి, సూర్యాపేటలో కాసేపు చార్జింగ్ పెట్టుకుంటే తెనాలి దాకా హాయిగా వస్తుంది. వారంటీ పుస్తకం, ఆ ఎక్స్‌టెండెడ్ వారంటీ కాగితం, ఇన్సూరెన్స్ పాలసీ మూడూ తీసుకురా. భోగి నాడు కూర్చుని చదువుదాం. మల్టీమీటరు నా దగ్గర ఉంది, నీ చిన్న బ్యాటరీ సంగతి కూడా చూస్తాను. అక్కయ్యను అడిగానని చెప్పు.

మీ మామయ్య