అందరికీ చెప్పావు, అక్కకి తప్ప

అంబాజీపేట దగ్గర పల్లెటూరి నుంచి ఒకమ్మాయి రాసిన ఉత్తరం ఇది. కాకినాడలో హాస్టల్లో ఉండి బీఎస్సీ జెనెటిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. గుర్తుపట్టే వివరాలు తీసేసి, కుదించి పెడుతున్నాను.

"మేడం గారూ, మా అక్కని మా మేనమామకే ఇచ్చి చేశారు. వాళ్ల బాబుకి మూడున్నరేళ్లు. పుట్టుకతోనే వినపడదని ఈ మధ్యే తేలింది. మా క్లాసులో పెడిగ్రీ చార్ట్, అంటే జబ్బులు గుర్తుపెట్టిన వంశవృక్షం, గీసుకురమ్మంటే నేను మా ఇంటిదే మూడు తరాలకి గీశాను. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు చుట్టాలందరూ ఉండగా ఆ చార్ట్ చూపించి, బాబుకి ఇలా రావడానికి మేనరికమే కారణమని సైన్స్ ప్రకారం వివరించాను. 'అక్కకి కట్నం ఇవ్వక్కర్లేకపోబట్టే నిన్ను హాస్టల్లో పెట్టి చదివిస్తున్నాం, ఆ చదువుతో మా మీదకే వచ్చావా' అని అమ్మ అందరి ముందూ అరిచింది. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు. ఈ జన్యువులు అన్నం పెట్టవు, మానేసి బ్యాంక్ కోచింగ్‌కి వెళ్లు అంటున్నారు నాన్న. అమ్మ తీరు తలుచుకుంటే చదువు బుర్రకెక్కడం లేదు. అక్కకి ఇప్పుడు మళ్లీ మూడో నెల, తను ఫోన్ ఎత్తడం లేదు. ఈ కోర్సు కొనసాగించనా, మానేయనా?"

మానేయకు తల్లీ. ఆ ప్రశ్నకి అంతే జవాబు. బీఎస్సీ అయ్యాక బ్యాంక్ పరీక్షలు రాయొద్దని ఎవరూ అనరు, ఎమ్మెస్సీ హ్యూమన్ జెనెటిక్స్ చేస్తానంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనే ఉంది, ఏది కావాలో మూడో సంవత్సరంలో తేల్చుకోవచ్చు. ఇక జన్యువులు అన్నం పెట్టవన్న నాన్నకి ఒక్క మాట చెప్పు. మీ పొలంలో ఎప్పుడో ఒకప్పుడు స్వర్ణ వేసే ఉంటారు, ఎంటీయూ 7029. వశిష్ట, మసూరి అనే రెండు రకాల్ని కలిపి మారుటేరు పరిశోధన కేంద్రంలో చేసిన వంగడం అది, 1982లో బయటికొచ్చింది. తర్వాత ఒడిశాలోని ఒక పాత రకం నుంచి నీట మునిగినా తట్టుకునే సబ్1 అనే జన్యువుని మార్కర్ల (డీఎన్ఏలోని ఆనవాళ్ల) సాయంతో అందులోకి తెచ్చి, 2009లో స్వర్ణ సబ్1 అని విడుదల చేశారు. డ్రెయిన్లు పొంగి చేను రెండు వారాలు నీళ్లలో ఉండిపోతే రైతుకి ఎలా ఉంటుందో మీ నాన్నకి నేను చెప్పక్కర్లేదు. నువ్వు చదువుతున్నది ఆ శాస్త్రమే. జాగ్రత్తగా, మర్యాదగా చెప్పు, ఆయన వింటారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నువ్వు పంపిన పూర్తి ఉత్తరంలో మూడొంతులు అమ్మ గురించే ఉంది. అమ్మ అరిచింది, అమ్మ మాట్లాడటం లేదు, అమ్మకి సైన్స్ అర్థం కాదు. అక్క గురించి ఉన్నది రెండు మూడు వాక్యాలు, అందులో ఒకటి ఫోన్ ఎత్తడం లేదని. నాకు మాత్రం ఆ ఉత్తరం నిండా మీ అక్కే కనిపించింది, చదువుతున్నంతసేపూ ఆ పిల్ల గురించే దిగులుపడ్డాను.

మీ అక్క పరిస్థితి ఒక్కసారి ఆలోచించు. మీ అమ్మమ్మే ఆమెకి అత్తగారు. మీ అమ్మే ఆమెకి ఆడపడుచు. బయట సంబంధం చేసుకున్న ఆడపిల్ల మెట్టినింట్లో మనసు కష్టపడితే పుట్టింటికొచ్చి అమ్మ దగ్గర కూర్చుని ఏడుస్తుంది. మీ అక్క ఎక్కడికెళ్లి ఏడవాలి? అమ్మతో చెప్పుకుంటే అది అమ్మ తమ్ముడి మీద చెప్పినట్టవుతుంది. అమ్మమ్మతో చెప్పుకుంటే కొడుకు మీద చెప్పినట్టవుతుంది. బిడ్డకి వినపడదని తెలిసిన రోజు ఆ ఇంట్లో ఆమె బాధని ఆమె బాధగా విన్న మనిషి ఒక్కరైనా ఉన్నారా? ఆమెకి పుట్టిల్లు అంటూ మిగిలింది నువ్వొక్కదానివి. ఆ ఒక్కదానివీ చుట్టాల మధ్య ఆమె కాపురాన్ని కాగితం మీద గీసి చూపించావు.

ఆ చార్ట్‌లో ఏముంటుందో నాకు తెలుసు. అయినవాళ్ల మధ్య పెళ్లికి జంట గీత. జబ్బున్న మగబిడ్డకి నల్లగా నింపిన చతురస్రం. ఎవరి కోసం కుటుంబాన్ని పరిశీలిస్తున్నామో వాళ్ల వైపు ఒక బాణం గుర్తు. నీకది హోంవర్క్. ఆ జంట గీత తన పెళ్లి, ఆ నల్ల చతురస్రం తన కొడుకు. పక్కనే కట్టుకున్నవాడు కూర్చుని ఉన్నాడు, కడుపులో ఇంకో బిడ్డ ఉంది. పిన్నులూ, బాబాయిలూ, పిల్లలూ అందరూ తొంగి చూస్తుంటే ఆమెకి ఎలా ఉండుంటుందమ్మా? ఫోన్ ఎందుకెత్తుతుంది?

సైన్స్ ప్రకారం అన్నావు కదా, ఆ దారిలోనే మాట్లాడదాం. బాబుకి ఏ జన్యు పరీక్ష చేయించారు? నీ ఉత్తరంలో అలాంటి ఊసే లేదు. చిన్నపిల్లల్లో చెవుడుకి కారణాలు చాలా ఉన్నాయి. కడుపుతో ఉండగా తల్లికి రుబెల్లా వచ్చినా, కాన్పులో బిడ్డకి ఊపిరి అందకపోయినా బిడ్డకి వినికిడి పోవచ్చు. పుట్టాక కామెర్లు బాగా ముదిరినా, మెదడువాపు వచ్చినా, కొన్ని ఇంజెక్షన్ల వల్లా పోవచ్చు. జన్యువుల వల్ల అనుకున్నా, చెవుడుతో సంబంధమున్నవి వందకు పైగా తెలుసు. మన దేశంలో తరచుగా కనబడేది 13వ క్రోమోజోమ్ మీది జీజేబీ2 అనే జన్యువులో లోపం. నీ అనుమానం తప్పని అనడం లేదు. మేనమామకీ మేనకోడలికీ జన్యువుల్లో సగటున నాలుగో వంతు ఉమ్మడి, అదే మేనబావ మేనమరదళ్లకైతే ఎనిమిదో వంతు. దాక్కుని ఉన్న లోపం బిడ్డకి రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం అందుకే వీళ్లలో ఎక్కువ. కానీ అవకాశం ఉందని చెప్పడం వేరు, ఈ బిడ్డకి కారణం ఇదేనని తేల్చేయడం వేరు. పరీక్ష లేకుండా నువ్వు తేల్చేశావు. పైగా జెనెటిక్ కౌన్సెలింగ్‌లో మొట్టమొదట నేర్పేదేమిటి? ఎవరి బిడ్డ సంగతో వాళ్లతోనే, ఏకాంతంగా, వాళ్లు అడిగినంత మేరకు, నిర్ణయం వాళ్లకే వదిలేసి చెప్పాలని. నీకు ఇంకా ఆ పాఠం రాకపోతే ఇప్పుడే నేర్చుకో, ముందు ముందు నీ దగ్గరికి వచ్చే ప్రతి తల్లికీ ఇది అవసరం.

మేనమామకి పిల్లనిచ్చే ఆచారం మీద నా అభిప్రాయం దాచుకోను. ఇక చాలించాలి. కొబ్బరితోట చేతులు మారదని, పిల్ల కళ్లముందే ఉంటుందని, కట్నం బెడద ఉండదని పెద్దవాళ్లు చేశారు, వాళ్ల లెక్కలు వాళ్లకున్నాయి. ఆ ఇళ్లలో ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు కూడా. అయినా తెలిసి తెలిసి ఆ ప్రమాదాన్ని ఇంకో ఆడపిల్ల ఒళ్లో పెట్టకూడదు. మీ ఇంట్లో రేపు మళ్లీ ఎవరికైనా అలాంటి సంబంధం మాట్లాడితే అప్పుడు గట్టిగా ఎదురు నిలబడు, నేను నీ పక్షమే. అయిపోయిన పెళ్లి మీద, కాపురం చేసుకుంటున్న అక్క ముందు ఆ పోరాటం చేయకూడదు.

కట్నం మాట అమ్మ కోపంలో అని ఉండొచ్చు. నువ్వు దాన్ని అమ్మ దెప్పుడుగా రాశావు. నేను దాన్ని ఇంకోలా చదివాను. అక్కని మావయ్యకి ఇవ్వబట్టి డబ్బు మిగిలింది, ఆ డబ్బు నీ హాస్టల్ ఫీజయింది. అక్క ఇంటర్ దగ్గరే ఆగిపోయిందని నువ్వే ఇంకో చోట రాశావు. అంటే ఈ జెనెటిక్స్ చదువుకి ఒక రకంగా ఫీజు కట్టింది మీ అక్క, ఆమెని ఎవరూ అడక్కుండానే. నీ చదువు మొదట అక్కరకు రావాల్సింది ఆమెకి. తోబుట్టువు బాకీ అనేది ఒకటుంటుందని నేను నమ్ముతాను, దాన్ని తీర్చుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

కాబట్టి ఫోన్లు ఆపి ఈ ఆదివారం బస్సెక్కి వెళ్లు. మావయ్య చేతో, అమ్మమ్మ చేతో రాయబారాలు పంపకు. చార్ట్ తీసుకెళ్లకు. అక్క ఒక్కతే ఉన్నప్పుడు, "అందరి ముందూ నీ గురించి అలా మాట్లాడటం తప్పక్కా" అని చెప్పు. దాని వెనక "కానీ" అంటూ ఇంకేమీ కలపకు. తిడితే తిట్టించుకో. ఆ పూట బాబుతో ఆడుకో, వాడి చెవి మెషిన్ ఎలా పెడుతున్నారో, ఎప్పుడెప్పుడు పీకేస్తున్నాడో చూడు.

అక్కే అడుగుతుంది చూడు, "రెండోవాళ్లకీ ఇలాగే వస్తుందా" అని. రాత్రిళ్లు ఆమెని నిద్రపోనివ్వనిది ఆ ప్రశ్నే అయి ఉంటుంది. అప్పుడు నీ చదువు బయటికి తియ్యి. ముందు బాబు రక్తంతో జన్యు పరీక్ష చేయించాలి, వాడిలో కారణం దొరికితేనే మిగతావి తేలతాయి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, అక్కడ డాక్టర్ ముందు కూర్చుని మాట్లాడొచ్చు. ఇలాంటి ఫలితాలు రావడానికి వారాలు పడుతుంది, ఆమెకి మూడో నెల అంటున్నావు కాబట్టి నాన్చొద్దు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే జన్యువులో లోపం ఉందని తేలితే ప్రతి కాన్పుకీ బిడ్డకి చెవుడు రావడానికి 25 శాతం అవకాశం. మొదటివాడికి వచ్చేసింది కాబట్టి ఇంక రాదు అని పెద్దవాళ్లు ధైర్యం చెబుతుంటారు, అది నిజం కాదు, ప్రతిసారీ లెక్క కొత్తగా మొదలవుతుంది. రాకపోవడానికి 75 శాతం ఉందన్నది కూడా అదే గొంతుతో చెప్పు. కడుపులో ఉండగానే పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది అక్కా మావయ్యా తేల్చుకుంటారు. ఆ విషయంలో నీ అభిప్రాయం చెప్పకు, అడిగినా సరే.

దీనికన్నా ముఖ్యం ఇంకొకటుంది. మగపిల్లలకి మాటలు ఆలస్యం, మావయ్యకీ ఆలస్యంగానే వచ్చాయి అనుకుంటూ ఈ బాబు విషయంలో మూడేళ్లు పోగొట్టుకున్నారని నీ ఉత్తరంలోనే ఉంది. భాష మెదడులో నాటుకునే కాలం అదే. పుట్టబోయే బిడ్డకి నెల లోపల ఓఏఈ (శబ్దానికి లోపలి చెవి స్పందిస్తోందా అని చూసే) పరీక్ష, అనుమానం ఉంటే మూడు నెలల లోపల బెరా (శబ్దం మెదడుకి చేరుతోందా అని చూసే పరీక్ష) చేయించి, అవసరమైతే ఆరు నెలల లోపల మెషిన్, స్పీచ్ థెరపీ మొదలుపెట్టాలి. బాబుకి ఇప్పటి మెషిన్‌తో సరిగా వినపడకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) గురించి ఈఎన్‌టీ డాక్టర్‌ని వెంటనే అడగండి, ఎన్టీఆర్ వైద్య సేవలో (ఒకప్పటి ఆరోగ్యశ్రీ) ఈ వయసుకి ఆ ఆపరేషన్ వస్తుందేమో కూడా కనుక్కోండి, వయసు పెరిగేకొద్దీ ఫలితం తగ్గిపోతుంది. వాడి గొంతుకి ఏ లోపమూ లేదు, వినలేక మాట్లాడటం లేదంతే.

అమ్మ సంగతి ప్రస్తుతానికి వదిలెయ్యి. నువ్వు గీసిన గీత ప్రకారం ఆ లోపం అక్కకి వచ్చింది అమ్మ వైపు నుంచే. తమ్ముడూ తన బిడ్డే, కూతురూ తన బిడ్డే అనుకుని చేసిన పెళ్లి అది. అమ్మకి ఆ జంట గీత 'నీ వల్లే' అని వినపడింది, అందుకే అరిచింది. దాక్కుని ఉండే లోపాలు లేని మనిషి లేడు, నీలోనూ కొన్ని ఉన్నాయి. అమ్మ వాహకురాలైతే నువ్వూ అదే జన్యువుని మోస్తూ ఉండటానికి సగానికి సగం అవకాశం. అక్కతో పాటు నీ పేరు కూడా పరీక్షకి రాయించుకో, అప్పుడు అమ్మతో మాట్లాడటం నీకే తేలికవుతుంది.

వచ్చేటప్పుడు అక్క తర్వాతి స్కానింగ్ తేదీ అడిగి రాసుకో, ఆ రోజు క్లాసులు పోయినా సరే, తోడుగా నువ్వే వెళ్లు.