ఆరోగ్యశ్రీ, ఈఎస్‌ఐ: డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

హైదరాబాద్‌లో రోగికి ఆరోగ్యశ్రీ, ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) రెండూ ఉచితంగానే కనిపిస్తాయి కానీ, డబ్బు వచ్చే దారులు వేరు. ఈఎస్‌ఐ చందాలతో నడిచే సామాజిక బీమా. జీతంలో ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. నెల జీతం 20,000 అయితే 150, 650, మొత్తం 800 రూపాయలు.

ఆరోగ్యశ్రీకి చందా లేదు, ప్రధానంగా రాష్ట్ర ఖజానాయే ఆధారం. 2023 డిసెంబరులో తెలంగాణలో దీని చికిత్స ఖర్చు పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఒక్కో చికిత్సకు ముందే ఖరారైన ప్యాకేజీ ధర ఆసుపత్రికి అందుతుంది. ఆరోగ్య ఆర్థికశాస్త్రం చదివేవాళ్లు తప్పక పట్టుకోవాల్సింది ఈ చెల్లింపు పద్ధతినే. రోగి ఎక్కువ రోజులు మంచం మీదే ఉంటే అదనపు ఖర్చు ఆసుపత్రిదే, అందుకే క్లిష్టమైన కేసులను వదిలించుకునే ఒత్తిడి పుడుతుంది. అదే ప్రతి పరీక్షకూ విడిగా చెల్లిస్తే, అక్కర్లేని పరీక్షలు పెరుగుతాయి.