మేలో పాకల బీచ్‌లో ఒడ్డు నుంచి గాలం వెయ్యాలంటే ఏ రాడ్ కొనాలి?

అన్నా, మే సెలవులకి పదేళ్ళ బాబుని తీసుకుని ఒంగోలు వస్తున్నాం, పాకలలో ఒడ్డు మీద నుంచే గాలం వెయ్యొచ్చా, ఏ రాడ్ బాగుంటది అని కదా మీరు అడిగింది. వెయ్యొచ్చు. రాడ్ సంగతి మాత్రం నన్ను అడక్కండి, నేను ఆన్‌లైన్లో నాలుగు వేలు పోసి కొన్న రాడ్‌తో మూడు ఆదివారాలు పోయి ఒక్క చేప కూడా పట్టలా. దాందేం తప్పు లేదు, తప్పంతా నేను పెట్టిన ఎరది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే టైం అని ఇంజన్ బోట్లన్నీ ఒడ్డునే పెట్టేస్తారు. ఒడ్డు నుంచి గాలం వేసేవాళ్ళని ఆపటం నేనైతే చూళ్ళా, కానీ దానివల్ల మనకొచ్చే చిక్కు ఇంకోటుంది, మామూలప్పుడు పొద్దున బోటు ఒడ్డెక్కంగానే బతిమాలితే దోసెడు కవళ్ళో (చిన్న చేపలు) పచ్చి రొయ్యలో ఇస్తారు, అంతకి మించిన ఎర లేదు, మేలో అది ఉండదు. మార్కెట్‌కి పోతే దొరికేది చెరువు రొయ్య, వనామీ. ఐస్‌లో పడి ఉన్నది తొక్క తీస్తే మెత్తగా అయిపోద్ది, రాడ్ ఊపి విసరంగానే గాలం ఒకవైపు రొయ్య ఒకవైపు. నేను ఖాళీ గాలానికి గంటలు గంటలు కాపలా కాశానని నాలుగో వారం గానీ తెలీలా, అదీ పక్కన దారం కర్రకి చుట్టుకుని వేస్తున్న కుర్రాడు నవ్వితే.

వనామీయే వాడాలంటే ముందురోజు రాత్రి తొక్క తీసి, ముక్కలు కోసి, రాళ్ళ ఉప్పు దండిగా చల్లి గిన్నెలో పెట్టండి. పొద్దుటికి నీరంతా వదిలి తోలులాగా గట్టిపడుద్ది, అప్పుడు ఊడదు. అంతకంటే మంచిది అక్కడే ఇసుకలో ఉంటది, అల వెనక్కి పోయేటప్పుడు తడి ఇసుక మీద చిన్న చిన్న వీ ఆకారపు గీతలు కనపడతయ్యి చూడండి, అక్కడ గబుక్కున దోసిలితో తవ్వితే బూడిదరంగులో గుడ్డు లాంటి పీత దొరుకుద్ది, బొటనవేలంత, గోళ్ళూ కొండీలూ ఏం ఉండవు, కరవదు. మన చేపలు రోజూ తినేది దాన్నే. బాబుకి చేపలు పడినా పడకపోయినా ఆ తవ్వకంతోనే పొద్దు పోద్ది, మా అల్లుడు గాడైతే బకెట్టెడు ఏరి మళ్ళీ అన్నీ వదిలేసి వచ్చాడు.

టైం కూడా చూసుకోండి. అమావాస్యకి, పున్నానికి అటూ ఇటూ రెండు రోజులు మన వైపు తెల్లారేసరికి పోటు ఎక్కుతా ఉంటది, ఎనిమిది తొమ్మిది మధ్య నిండుద్ది, ఆ ఎక్కే నీళ్ళలోనే చేప ఒడ్డు దగ్గరికి వస్తది. తర్వాత రోజుకి ముప్పావుగంట పైన వెనక్కి జరుగుతా పోద్ది. కాబట్టి టికెట్లు తీసే ముందు క్యాలెండర్లో తిథి చూడండి, అష్టమి రోజు వస్తే పొద్దున్నే పోటు అందదు. మేలో ఎండెక్కాక పడమటి వడగాలి మొదలైద్ది, ఇసుక కాలుద్ది, ఇక చేప పడినా పట్టే ఓపిక మనకుండదు. తొమ్మిదిన్నరకి సర్దేయటమే.

దారానికి బరువు కోసం కట్టే సీసం గుండ్రంది కొనొద్దు, అలకి దొర్లి దొర్లి ఒడ్డుకొచ్చేస్తది, పలకలుగా ఉండేది కొనండి. దూరం విసరాలని కూడా అనుకోవద్దు, మొదటి అల విరిగేచోటు వెనక గుంతలాగా ఉంటది, అందులో పడితే చాలు. మోకాలు దాటి దిగొద్దు, బాబుని అసలు దిగనీయొద్దు, ఈ తీరంలో నీళ్ళు చూడ్డానికి మెత్తగా ఉండి కాళ్ళ కింద ఇసుక లాగేస్తయ్యి.

ఏం పడతయ్యి అంటే, నాకు ఎక్కువ పడింది జెల్లలు, గొరకలు, ఎప్పుడన్నా చెయ్యంత మాగ. పండుగప్ప కోసం వాగు సముద్రంలో కలిసే మొగల దగ్గరికి పోతారు గానీ ఎండాకాలం వాగులో నీళ్ళుండవు, మొగ ఇసుక మేటేసి మూసుకుపోయి ఉంటది, నాకైతే ఒక్కసారీ పడలా.

జెల్లతో మాత్రం జాగ్రత్త. వీపు మీద ఒకటి, చెంపల పక్కన రెండు ముళ్ళుంటయ్యి, విషం ఉంటది. నేను గాలం తీయబోతే బొటనవేలికి దిగింది, భుజం దాకా లాగేసింది, ఏడవటమొక్కటే తక్కువ. టీ బంకాయన వేణ్ణీళ్ళు చెంబులో పోసి తట్టుకోగలిగినంత వేడిలో వేలు ముంచమన్నాడు, ఆ విషం వేడికి విరుగుద్దంట, అరగంటకి నిజంగానే నొప్పి సగం దిగింది. తర్వాత టీటీ వేయించుకున్నా. అప్పట్నుంచి కటింగ్ ప్లేయర్ లేకుండా పోను, చేపని కాలికింద చెప్పుతో నొక్కి పెట్టి ప్లేయర్‌తో గాలం తిప్పటమే. ఫ్లాస్క్‌లో వేణ్ణీళ్ళు కూడా పెట్టుకోండి, పడమటి గాలికి అందరూ చన్నీళ్ళే మోస్తారు, నవ్వుతారు, నవ్వనీయండి.

ట్రైన్‌కొస్తే సింగరాయకొండలో దిగండి, అక్కణ్ణించి ఆటోలుంటయ్యి. కారైతే హైవే మీద సింగరాయకొండ దాటి ఉలవపాడు దాకా పోయి పచ్చి మామిడికాయలు నాలుగు తీసుకోండి, గొరకలు చిన్నవి పడితే చింతపండు తగ్గించి మామిడి ముక్కలేసి పులుసు పెట్టించండి, రాత్రి పెట్టి మర్నాడు పొద్దున తినాలి.