మొదటి కంట్రోలర్ ప్యానెల్ చేస్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీ ఏహెచ్‌యూకి (గదులకు చల్లబరచో వేడి చేసో గాలి పంపే యంత్రానికి) దాన్ని నడిపించే కంట్రోలర్ బిగించి వైరింగ్ చేసే పని నీ ఒక్కడికే అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పింది. చల్లనీళ్ల వాల్వు, వేడినీళ్ల వాల్వు, ఫ్యాను వేగం మార్చే వీఎఫ్‌డీ, గాలి దారి తెరిచి మూసే డ్యాంపర్లు, టెంపరేచర్ సెన్సర్లు, తేమ సెన్సరు అన్నీ ఒకే కంట్రోలర్ మీదికి వస్తున్నప్పుడు ఆ మాత్రం టెన్షన్ ఉండాల్సిందే. ఫోన్లో చెబితే సగం గుర్తుండదని రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్తాను. కంట్రోలర్‌ని చివర బిగించు. కొత్తవాళ్లు డబ్బా విప్పగానే దాన్నే ముందు రైలు (ప్యానెల్లో పరికరాలు బిగించే ఇనుప పట్టీ) మీద ఎక్కిస్తారు. ఆ తర్వాత కేబుల్ లోపలికి వచ్చే చోట బిగించే గ్లాండ్ల కోసం ప్యానెల్‌కి డ్రిల్లు వేస్తారు, ఆ ఇనుప రజనంతా బోర్డు మీద రాలుతుంది. పైగా ఎవరో ఒకరు ఇన్సులేషన్ పరీక్షకని కేబుళ్లకు మెగ్గర్ పెడతారు. 500 వోల్టులు కంట్రోలర్ ఇన్‌పుట్‌లోకి వెళ్తే ఇంకేం మిగలదు. అందుకే రైలు మీద చోటు వదిలిపెట్టు. వైర్లన్నీ టెర్మినల్ బ్లాకు దాకా తెచ్చి ఆపు. ఒక్కో వైరు నిజంగా అది చెప్పే చోటి నుంచే వస్తోందని మీటరుతో తేల్చుకున్నాకే కంట్రోలర్‌ని లోపలికి తీసుకురా. నా అనుభవంలో కంట్రోలర్ పాడైందని కంపెనీకి తిప్పి పంపినవాటిలో చాలావరకు బాగానే ఉన్నవే. తప్పు వైర్లలో ఉండేది.

పని మొదలుపెట్టే ముందు పాయింట్ల కాగితం ఒకటి రాసుకో. ఏ సెన్సరు, ఏ రకం సిగ్నలు, ఏ టెర్మినలు, ఫెరూల్ (వైరు చివర తొడిగే నంబరు గొట్టం) నంబరు ఎంత. ఫెరూల్ వైరుకి రెండు చివర్లా ఉండాలి. రేపు వేద్దాంలే అనుకుంటే ఇక ఎప్పటికీ వేయవు.

ఇప్పుడు 24 వోల్టుల ఏసీ సప్లై. ఎక్కువ కంట్రోలర్లు కాలేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదువు. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలో ఒక వైరు 24 వోల్టులు, రెండోది కామన్. ఏసీ కదా, ఎటు కలిపితే ఏముంది అనిపిస్తుంది. కానీ చాలా కంట్రోలర్లలో, యాక్చుయేటర్లలో (వాల్వునీ డ్యాంపర్‌నీ తిప్పే మోటార్లలో) లోపల ఏసీలో ఒక సగాన్నే తీసుకుని డీసీ చేసే హాఫ్ వేవ్ రెక్టిఫయర్ ఉంటుంది. సప్లై కామనూ సిగ్నల్ కామనూ లోపల ఒకటే అయి ఉంటాయి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న రెండు పరికరాల్లో ఒకదానికి వైర్లు తారుమారైతే, సిగ్నల్ వైరు గుండా ట్రాన్స్‌ఫార్మర్ షార్ట్ అవుతుంది. ఫ్యూజు పోతే అదృష్టం, లేకపోతే బోర్డు పోతుంది. కామన్‌కి ఒక రంగు పెట్టుకుని వాల్వు దగ్గరైనా, డ్యాంపర్ దగ్గరైనా, ప్యానెల్లోనైనా అదే రంగు వాడు. ఆ రంగు వైరు అయిపోయిందని స్టోర్లో ఉన్న వేరే రంగు లాగొద్దు. కామన్‌ని ఎర్త్ చేయమని మాన్యువల్ చెప్తే ఒక్క చోటే, ప్యానెల్లోనే చెయ్యి.

ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే లోడు, అంటే వీఏ (వోల్ట్-యాంపియర్) లెక్క కూడా వేసుకో. ఉదాహరణకు కంట్రోలర్ 15, రెండు వాల్వు యాక్చుయేటర్లు 8 చొప్పున 16, డ్యాంపర్ 6 అయితే మొత్తం 37 వీఏ. 40 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకు. 60 అడుగు. నీ లెక్కకి అంకెలు మాత్రం పరికరాల నేమ్‌ప్లేట్ల నుంచే తీసుకో.

సెన్సర్ల దగ్గర ముందు నీకు వచ్చినవి 10కె థర్మిస్టర్లా, పీటీ1000లా అన్నది చూడు. రెండూ వేడిని బట్టి ఓములు మారే సెన్సర్లే. మాటలతో కాదు, మీటరు ఓమ్స్‌లో పెట్టి చూడు. 25 డిగ్రీల గదిలో థర్మిస్టరు 10,000 ఓముల దగ్గర, పీటీ1000 అయితే 1,097 దగ్గర చూపించాలి. 10కెలోనూ టైప్ 2, టైప్ 3 అని ఉన్నాయి. 25 డిగ్రీల దగ్గర రెండూ ఒకేలా చూపిస్తాయి, అక్కడి నుంచి దూరం జరిగే కొద్దీ విడిపోతాయి. కాబట్టి గదిలో సరిగ్గా చూపించిందని నమ్మి వదిలేయకు. సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన టైపూ డబ్బా మీద రాసిన టైపూ ఒకటేనా చూసుకో.

కేబుల్ పొడవు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 0.5 స్క్వేర్ ఎంఎం కేబుల్ 80 మీటర్లు లాగితే పోనూ రానూ వైరుకే దాదాపు 6 ఓములు వస్తుంది. పీటీ1000కి డిగ్రీకి మారేదే 3.85 ఓములు. అంటే కేబుల్ ఒక్కటే ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది. అదే 10కె థర్మిస్టరుకి గది టెంపరేచర్ దగ్గర డిగ్రీకి 400 ఓములకు పైగా మారుతుంది కాబట్టి ఆ 6 ఓములు లెక్కలోకే రావు. పీటీ1000కి దూరం ఎక్కువైతే లావు వైరు వెయ్యి, లేదా కంట్రోలర్‌లో ఆ తేడాను సరిచేసే ఆఫ్‌సెట్ పెట్టి ఎంత పెట్టావో కాగితం మీద రాయి.

గది సెన్సరు బిగించేటప్పుడు ఎక్కువమంది వదిలేసే పని ఒకటుంది. సెన్సరు వెనక గోడలోకి కండ్యూట్ (వైర్ల గొట్టం) వస్తుంది కదా. దాని రెండో చివర ఫాల్స్ సీలింగ్ పైన వేడి గాలిలో తెరుచుకుని ఉంటుంది. ఆ గాలి గొట్టంలోంచి సెన్సరు వీపుకి తగులుతుంది. గది చల్లగానే ఉంటుంది, కంట్రోలర్ మాత్రం వేడిగా ఉందనుకుని చల్లనీళ్ల వాల్వు తెరుస్తూనే ఉంటుంది. కొంచెం సిలికాన్ పెట్టి గొట్టం మూతి మూసెయ్యి. రెండు నిమిషాల పని.

తేమ సెన్సరు 4–20 మిల్లీయాంప్స్‌ది అయ్యి, కంట్రోలర్ వోల్టులే చదివేదైతే 500 ఓముల రెసిస్టర్ వేస్తే 2–10 వోల్టులు వస్తుంది. స్కేలు 0 నుంచి కాదు, 2 నుంచి పెట్టాలి. వాల్వు యాక్చుయేటర్‌దీ ఇదే సంగతి. అది 2–10లో ఉండి కంట్రోలర్ 0–10 పంపిస్తే మొదటి 20 శాతం వాల్వు కదలనే కదలదు.

వీఎఫ్‌డీకి రన్ కమాండ్ రిలే కాంటాక్టుతోనే ఇవ్వు. కంట్రోలర్ అవుట్‌పుట్ ట్రయాక్ (ఎలక్ట్రానిక్ స్విచ్చు) అయితే అది ఏసీ లోడుకే పనికొస్తుంది, మధ్యలో 24 వోల్టుల రిలే పెట్టుకోవాలి. సిగ్నల్ కేబుళ్లను మోటారు కేబుల్ పక్కన ఒకే ట్రేలో పడుకోబెట్టకు, ఒక అడుగైనా దూరం ఉంచు. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు. సిగ్నల్ కేబుల్ లోపలి లోహపు తొడుగుని, అంటే షీల్డుని ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేసి అవతలి చివర టేపు చుట్టు. ఫ్యాను తిరుగుతోందా అన్నదానికి వీఎఫ్‌డీ ఇచ్చే రన్ సిగ్నల్‌ని నమ్మకు. బెల్టు తెగినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. ఫ్యానుకి అటూ ఇటూ గాలి ఒత్తిడి తేడా చూసే స్విచ్చు పెట్టించు.

ఫైర్ అలారం వస్తే ఫ్యాను ఆగడం మాత్రం సాఫ్ట్‌వేర్‌కి వదలకు. ఆ కాంటాక్టు నేరుగా వీఎఫ్‌డీ రన్ సర్క్యూట్‌లోనే సిరీస్‌లో ఉండాలి. కంట్రోలర్ హ్యాంగ్ అయినా ఫ్యాను ఆగి తీరాలి. ముందుముందు ఎలక్ట్రిక్ హీటరు ఉన్న ఏహెచ్‌యూ నీ చేతికి వస్తే గాలి ఆగితే హీటరుని ఆపే ఇంటర్‌లాకూ, ఓవర్ టెంపరేచర్ కట్-ఆఫూ ఇలాగే వైరుతో ఉండాలి. ప్రోగ్రామ్‌లో రాశాం కదా అని ఎవరు చెప్పినా వినకు. ఆ భవనంలో మనుషులు పనిచేస్తారు.

కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే బ్యాక్‌నెట్ లైను గురించి క్లుప్తంగా చెప్తాను. ఆర్‌ఎస్-485 కేబుల్ ఒక కంట్రోలర్ నుంచి ఇంకోదానికి వరుసగా పోవాలి, మధ్యలో కొమ్మలు తీయకూడదు. రెండు కొసల్లోనే 120 ఓముల రెసిస్టర్లు ఉండాలి. కరెంటు ఆపి ప్లస్, మైనస్‌ల మధ్య మీటరు పెడితే 60 ఓముల దగ్గర రావాలి. 120 వస్తే ఒక కొసన రెసిస్టరు లేదు, 40 వస్తే ఎవరో మధ్యలో మూడోది వేశారు. ఒకే అడ్రసు రెండింటికి పడితే మొత్తం లైనే ఇబ్బంది పెడుతుంది, కాబట్టి అడ్రసు కూడా పాయింట్ల కాగితంలో రాసుకో.

చివరికి కరెంటు ఇచ్చేటప్పుడు ముందు కంట్రోలర్ టెర్మినళ్లు ఊడదీసి ఉంచి, వచ్చే వోల్టేజీ కొలిచి, ఆ తర్వాతే తగిలించు. ఒక్కో అవుట్‌పుట్‌నీ చేత్తో 0, 50, 100 శాతం ఇచ్చి వాల్వు దగ్గరికి నడిచి వెళ్లి కళ్లతో చూడు. స్క్రీన్ మీద 100 అని ఉంటే వాల్వు తెరుచుకున్నట్టు కాదు.

ఇంకొకటి, చల్లనీళ్ల వాల్వు, వేడినీళ్ల వాల్వు రెండూ ఒకేసారి తెరుచుకుని ఉంటే కంగారు పడకు. మందుల గదికి 22 డిగ్రీలు, 45 శాతం తేమ కావాలంటే గాలిని దాదాపు తొమ్మిదిన్నర డిగ్రీల డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీరుగా మారే టెంపరేచర్) దాకా చల్లబరచి నీరు తీయాలి, మళ్లీ వేడి చేసి పంపాలి. వానాకాలంలో అది మామూలే. కానీ తేమ సరిపడా తగ్గాక కూడా రెండూ తెరిచే ఉంటే, తేమ సెన్సరు స్కేలు, సెట్ పాయింటు మళ్లీ చూడు.

ఆదివారం ఇంట్లోనే ఉంటాను. పాయింట్ల కాగితం, ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేటు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపు. కరెంటు ఇచ్చే ముందు ఒకసారి చూస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

మామయ్య