కోత మీద ఒక ఉత్తరం

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు నిమిషాల ఆడియో రాత్రి రెండుసార్లు విన్నాను, పొద్దున్నే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ విన్నాను. మాటలు కోసి, అతికి నవ్వించడానికి ప్రోగ్రామర్లు జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీల పాడ్‌కాస్ట్‌ను ఎంచుకోవడం నాకు నచ్చింది. ఒకాయన కాలిఫోర్నియాలో, ఇంకొకాయన న్యూయార్క్‌లో. 2008 ఏప్రిల్‌లో మాటలు మొదలుపెట్టారు, సెప్టెంబరులో వాళ్ళు కడుతున్న స్టాక్ ఓవర్‌ఫ్లో, అంటే ప్రోగ్రామర్ల ప్రశ్నలు జవాబుల వెబ్‌సైట్, అందరికీ తెరుచుకుంది. ఇంకా పూర్తికాని పని గురించి ఇద్దరు మాట్లాడుకుంటుంటే తడబాట్లు, నసుగుళ్ళు, వాదనలు అన్నీ ఉంటాయి. నీకు కావలసిన సరుకంతా అదే.

“ఎప్పటికవుతుంది?” అన్న ప్రశ్న తర్వాత జవాబు తీసేసి, వేరే వేరే ఎపిసోడ్లలోని “అమ్మ్”, “వెల్” ఏరి తొమ్మిదింటిని వరసగా గుచ్చావు చూడు, అక్కడ పగలబడి నవ్వాను. డెడ్‌లైన్ అడిగితే ఏ ప్రోగ్రామర్ నోటైనా ముందు వచ్చేది అదే. మాటలు నువ్వు పేర్చినవే అయినా, అందులో ఉన్నది నిజం.

సీ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి వాదన దగ్గర మాత్రం ఆగిపోయాను. ప్రోగ్రామర్‌కి సీ తెలిసి తీరాలని జోయెల్ పట్టుబట్టాడు, అది లేకుండానే ఇంతదూరం వచ్చానని జెఫ్ అన్నాడు. నువ్వు జోయెల్ వాక్యం నడుమ చిన్న ముక్క తీసేసి, సీ అక్కర్లేదని ఆయన చేతే అనిపించావు. నవ్వు వస్తుంది, కాదనను. కానీ అసలు వాదన వినని వాళ్ళు అదే ఆయన మాట అనుకుంటారు. ఒక మనిషి నమ్మకాన్ని తిరగేసే హక్కు మన చేతిలోని కత్తెరకు లేదు. ఆ జోకు తీసెయ్యి.

తెలుగు పాడ్‌కాస్టులు కూడా ఎడిట్ చేస్తానన్నావు. అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే మన భాషలో అవునో కాదో తేలేది చివర్లోనే. “టెస్టులు రాయక్కర్లేదని నేను అనను” అన్న వాక్యంలో చివరి రెండు మాటలు పోతే మిగిలేది దానికి పూర్తిగా వ్యతిరేకం. కోసే ముందు క్రియాపదం దాకా విను, ఆ తర్వాత వచ్చే ఊపిరి కూడా విను.

ఊపిరి అంటే గుర్తొచ్చింది. నీ కోతల్లో ఊపిరి అసలు వినపడటం లేదు. ఎవరూ మాట్లాడనప్పుడు కూడా గదిలో ఫ్యాను శబ్దమో, లైన్‌లో సన్నని హోరో ఉంటుంది. అలాంటి ముక్క రెండు సెకన్లు విడిగా దాచుకుని అతుకుల కింద పరుచు. ఉత్త నిశ్శబ్దం పెడితే చెవి వెంటనే పట్టేస్తుంది. తెర మీద అలలా కనపడే శబ్దపు గీత మధ్యలోని సున్నాను దాటే చోట కోస్తే టక్కుమనదు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగం సెలెక్ట్ చేసి జెడ్ నొక్కితే, దాని అంచులు అలాంటి చోటికి జరుగుతాయి.

ఇంకొకటి, పంచ్ పడ్డాక నవ్వుల ట్రాక్ పెట్టకు. అర సెకను ఆగు చాలు. నీ తొమ్మిది “అమ్మ్”ల తర్వాత నువ్వు ఆగలేదు, టక్కున సంగీతం వేసేశావు. నా నవ్వు దాని కింద పడిపోయింది.

ఆదివారంలోగా కొత్తది పంపు. పక్కనే కొయ్యని అసలు ముక్క కూడా పెట్టు. ముందు అది విని, తర్వాత నీది వింటాను.

ప్రేమతో,
నీ మాష్టారు